ట్రైలర్ పైకప్పు కారి మంచం కింద నేల మెత్తబడింది, ఎంతవరకు విప్పాలి?

మెకిన్నీ_బాటసారి
రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో క్యాంపింగ్ ట్రైలర్ (ట్రక్కు వెనక తగిలించుకెళ్ళే చక్రాల ఇల్లు) కొన్నాం. 2015 మోడల్, 26 అడుగులు, ముందువైపు క్వీన్ మంచం, వెనక పిల్లల బంకులు. చలికాలమంతా స్టోరేజ్ లాట్‌లో కవర్ లేకుండా ఉంది. మొన్న శనివారం తలుపు తీయగానే ముక్కిన బియ్యం వాసన. మంచం పలక ఎత్తి చూస్తే ఎడమ మూల నేల మీది వినైల్ ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే నానిన అటుకుల్లా దిగిపోతోంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు ఉంటుంది. పైన సీలింగ్‌లో, కప్పుకి రంధ్రం పెట్టి బిగించిన ఫ్యాన్ పక్కన టీ రంగు మరక.

షాపులో చూపిస్తే 9 వేల డాలర్లు చెప్పారు, అదీ జులై దాకా ఖాళీ లేదట. పిల్లలకేమో మే ఆఖర్లో ఇక్కడే టెక్సస్‌లో ఉన్న పాలో డ్యూరో కాన్యన్ లోయకి అని మాటిచ్చాను. పైన ఫ్యాన్ చుట్టూ సిలికాన్ కొట్టి, కింద మెత్తబడినంత మేర కోసి ప్లైవుడ్ ముక్క వేస్తే సరిపోతుందా? ఇంట్లో చిన్నచిన్న వడ్రంగం పనులు చేసుకుంటాను, ట్రైలర్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

వరంగల్_టు_ఒహాయో
ముందుగాల ఆ సిలికాన్ ట్యూబు పక్కకు పెట్టు అన్నా. రబ్బరు కప్పు మీద అది సరిగ్గ పట్టదు, దాని మీద ఇంకేదీ అసలే పట్టదు. తర్వాత నిజమైన సీలెంట్ వేద్దామంటే ఆ జిడ్డు గీకుడికే రెండు దినాలు పోతయ్.

నేను_నా_ట్రక్కు
ఇంత కంగారు అక్కర్లేదు. ఎటర్నాబాండ్ టేపు 4 అంగుళాలది ఒక రోల్ తెచ్చి పైన జాయింట్లన్నిటి మీదా వేసేయండి. కింద ఓ ప్లైవుడ్ ముక్క. ఒక్క వారాంతం పని. నాది నాలుగేళ్ళ నుంచీ చుక్క కారలేదు.

శారద_క్యారీ
పై పోస్టుతో నేను ఒప్పుకోను. టేపు మంచిదే, తడి చెక్క మీద వేయడమే తప్పు. నేను సరిగ్గా అదే చేశాను. మరక కనపడింది, పైన టేపు వేశాను, లోపల రంగు వేశాను, హాయిగా ఏడాది తిరిగాం. లోపలున్న చెమ్మకు బయటికి పోయే దారి నేనే మూసేశానని తర్వాత తెలిసింది. రెండో ఏడు ముందు గోడ ఫైబర్‌గ్లాస్ పొక్కులా లేచింది, కప్పు మీద మోకాలు పెడితే దిగబడింది. రెండడుగులతో పోయేది ఆరడుగులయింది.

బాటసారి గారూ, ముందు 30-40 డాలర్లు పెట్టి రెండు సూదులుండే మాయిశ్చర్ మీటర్ కొనండి. అది లేకుండా రంపం పట్టుకోవద్దు. 15 శాతం లోపు ఉంటే పొడి. 20 దాటితే బూజుకీ పుచ్చుకీ అనుకూలం. సీలింగ్ మీద, గోడల మీద, నేల మీద అడుగుకో చోట గుచ్చి ఆ అంకెలు మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అంటించండి. ఎక్కడిదాకా విప్పాలో ఆ అంకెలే చెప్తాయి.

గోదారిగట్టు
ముక్కిన బియ్యం వాసన అన్నారు చూడండి, నాకు మా అమ్మమ్మగారి గాదె గుర్తొచ్చింది 😊 మా వైపు తొలకరికి ముందే పెంకులు సర్దించేవారు. ఒక్క పెంకు జరిగితే నీళ్ళు వాసం పట్టుకుని పోయి పోయి ఎక్కడో దేవుడి గదిలో పడేవి. మరక కింద నిలబడి పైకి చూస్తే చిల్లు ఎప్పుడూ కనపడేది కాదు. మీ ఫ్యాన్ కూడా ఏ పాపం ఎరగదేమో.

హ్యూస్టన్_హనుమ
ఇన్సూరెన్స్ అడిగారా? మెల్లమెల్లగా కారి పుచ్చిపోయినదానికి చాలా పాలసీలు డబ్బివ్వవు. వడగళ్ళు, చెట్టుకొమ్మ లాంటి ఒక్కసారిగా జరిగే నష్టానికైతే ఇస్తాయి. మీ వైపు వడగళ్ళు బాగా పడతాయి కదా, కప్పు మీద దెబ్బలున్నాయేమో చూసి, ఫొటోలు తీశాకే విప్పండి.

మెకిన్నీ_బాటసారి
వడగళ్ళ దెబ్బలేమీ లేవు. ఏజెంటు పాలసీ చదివి వినిపించాడు, అచ్చం హనుమ గారు చెప్పినట్టే ఉంది. ఇక సొంతంగానే చేసుకుంటాను. మీటర్ ఆర్డర్ పెట్టాను. నా కప్పు మీది పొర ఈపీడీఎమ్మా (రబ్బరు రకం), టీపీఓనా (ప్లాస్టిక్ రకం) అని ఎలా తెలుసుకోవడం?

వరంగల్_టు_ఒహాయో
లోపల ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం ఇప్పు. 14 అంగుళాల రంధ్రం అంచు మీద రబ్బరు మడిచి ఉంటది, దాని అడుగు దిక్కు చూడు. అడుగు నల్లగుంటే ఈపీడీఎం, తెల్లగనో బూడిద రంగుగనో ఉంటే టీపీఓ అయ్యుంటది. వానకు గోడల మీద తెల్ల చారలు దిగుతున్నయా? అట్లయితే ఈపీడీఎమ్మే, అది వయసు మీద పడితే సున్నం రాలినట్టు రాలుతది. ఇంకోటి, దాన్ని కడిగేటప్పుడు పెట్రోల్, కిరసనాయిలు అసొంటి పెట్రోలియం సరుకు తగలనీయకు, రబ్బరు ఉబ్బిపోతది.

కొత్తక్యాంపర్
ఇవన్నీ చదువుతుంటే ట్రైలర్ కొనాలంటేనే భయమేస్తోంది. మేమిద్దరం వచ్చే నెల కొందామనుకుంటున్నాం.

ఆటోనగర్_బాబాయ్
నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళ పైన లారీ బాడీలు, బస్సు బాడీలు కట్టినవాణ్ణి. మీరు చెప్పే ట్రైలర్ మావాడు వీడియో కాల్‌లో చూపిస్తే చూడటమే. కానీ చెక్కకీ నీళ్ళకీ ఉన్న తగువు ఏ ఊళ్ళోనైనా ఒకటే నాయనా.

నీళ్ళు రేకు మధ్యలోంచి రావు. మేకు కొట్టిన చోట, స్క్రూ దిగిన చోట, రెండు ముక్కలు కలిసిన చోట వస్తాయి. బండి కదులుతుంది, ఊగుతుంది, స్క్రూ ఒక వెంట్రుకవాసి వదులవుతుంది, అంతే చాలు. అందుకని ముందు దీపాలు చూడు. బండి ముందు పైన వరసగా చిన్న దీపాలుంటాయే, వాటి వెనక వైరు పోయే రంధ్రం ఉంటుంది. ఎవరూ దాన్ని లెక్కపెట్టరు.

ఇంకొకటి. ప్లైవుడ్ నీళ్ళు తాగేది అంచుల్లోంచి. నువ్వు కొత్త ముక్క కోసిన ప్రతిసారీ కోసిన అంచుకి రెండు పూతలు పెయింటో ఎపాక్సీయో పట్టించి, ఆరాకే బిగించు. మా దగ్గర కుర్రాళ్ళు తొందరపడి ఈ పని ఎగ్గొట్టేవాళ్ళు. ఆ బస్సు రెండు వానాకాలాలకే వెనక్కొచ్చేది.

శారద_క్యారీ
బాబాయ్ గారి మాట బంగారం. ఆ దీపాలే నాకూ కారాయి.

మెకిన్నీ_బాటసారి
అప్‌డేట్. మీటర్ వచ్చింది. ఫ్యాన్ దగ్గర 19, ముందుకి పోయేకొద్దీ 24, 29, ముందు గోడ దగ్గర 34. ఫ్యాన్ వెనక వైపు 11. అంటే నీళ్ళు ముందు నుంచి ఫ్యాన్ దాకా వచ్చాయి. గోదారిగట్టు గారూ, ఫ్యాన్ నిర్దోషి!

ముందు దీపాలు అయిదూ విప్పాను. మూడింటి వెనక సీలెంట్ ఎండిపోయి పెళుసుగా ఊడొచ్చింది. ఇక ముందు క్యాప్ (ముందు గోడ పైభాగం), కప్పు కలిసేచోట ఉండే అల్యూమినియం పట్టీలోంచి వినైల్ తాడు లాగితే, కింద స్క్రూలన్నీ తుప్పు. నాలుగు స్క్రూలు వేళ్ళతోనే ఊడొచ్చాయి, వాటికి పట్టే చెక్కే లేదు. లోపల నీళ్ళు ఎడమ మూలన గోడలోంచి దిగి మంచం కిందికి చేరినట్టున్నాయి. గోడ అడుగున ఉండే చెక్క కమ్మీ కూడా స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగుతోంది. ఇక్కడే భయం పట్టుకుంది. గోడ కూర్చున్న చెక్కే పోతే గోడ ఏమవుతుంది?

నేను_నా_ట్రక్కు
సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది టేపుతో పోయేది కాదు.

హ్యూస్టన్_హనుమ
గోడ సంగతి తర్వాత. ముందు కింద పొట్ట విప్పారా? ఛాసిస్ అడుగున నల్లటి ముడతల ప్లాస్టిక్ షీటు ఉంటుంది. పైనుంచి దిగిన నీళ్ళు అక్కడ నిలుస్తాయి. నేను నాది విప్పడానికి ముందు ఒక చిన్న బెజ్జం పెడితే అరగంట ధార కట్టింది. గ్యాలన్ నీళ్ళే 8.34 పౌండ్లు, ఇక ఆ సంచీ కింద తల పెట్టి ఉంటే ఏమయ్యేదో. పక్కనుంచి బెజ్జం పెట్టండి, కింద పడుకుని మాత్రం కాదు. జాకులు, చక్రాలు దొర్లకుండా పెట్టే వీల్ చాక్‌లు సరిగ్గా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసుకోండి.

లోపల గ్లాస్‌వూల్ తడిసి ఉంటే మొత్తం తీసి పారేయాల్సిందే, అది ఆరదు. దాన్ని పైన వదిలేసి కొత్త నేల వేస్తే కొత్త చెక్కకి అడుగునుంచి చెమ్మ పెట్టినట్టే.

వరంగల్_టు_ఒహాయో
కోసే ముందుగాల షోర్ పవర్ వైరు (బయటి నుంచి కరెంటు తెచ్చేది) పీకు, బ్యాటరీ విప్పు, గ్యాస్ సిలిండర్లు బంద్ చెయ్. నేల కింద గ్యాస్ పైపు, కరెంటు వైర్లు, నీళ్ళ పైపులు ఎటు పోతున్నయో కిందికెల్లి చూసినంకనే పైన రంపం పెట్టు. రంపం లోతు నేల మందానికి సరిగ్గ పెట్టు, ఒక్క నూలు గూడ ఎక్కువ పోవద్దు.

శారద_క్యారీ
గోడ అడుగు కమ్మీ గురించి. మొత్తం ఒకేసారి తీయకండి. లోపల జాకు మీద 2×4 చెక్క నిలబెట్టి గోడ పైభాగాన్ని మోయించండి. తర్వాత ఒక్కో అడుగున్నర చొప్పున పాతది తొలిచి కొత్తది దూర్చి, జిగురూ స్క్రూలూ వేసి, మరుసటి ముక్కకి వెళ్ళండి. విసుగు పని. నాకు ఎనిమిదడుగులకి రెండు వారాంతాలు పట్టింది. గోడ చుక్క కదల్లేదు.

కప్పు ఎలా చేశానో వివరంగా రాస్తాను, అప్పట్లో నాకు ఇలా చెప్పినవాళ్ళు లేరు.

ముందు పట్టీ తీసేశాక రబ్బరు అంచు దొరుకుతుంది. దాన్ని దుప్పటి మడిచినట్టు నెమ్మదిగా వెనక్కి మడవాలి. పుచ్చిన ఓఎస్‌బీ (చెక్క పేళ్ళు జిగురుతో నొక్కి చేసిన పలక) పొట్టు రబ్బరు అడుగున అంటుకుని వస్తుంది, దాన్ని మొద్దు గరిటెతో గీకాలి. పదునైనది పెడితే రబ్బరు చిల్లి. అది మందం 45 మిల్ మాత్రమే, అంగుళంలో వెయ్యింట 45 వంతులు. ఈ గీకుడు మీదే నాకు ఒక రోజంతా పోయింది, తొందరపడలేదు.

చెక్కని కోసేటప్పుడు పుచ్చు ఎక్కడ ఆగిందో అక్కడ కాదు, దాని తర్వాత వచ్చే వాసం నడిమి దాకా పోవాలి. కొత్త ముక్క కూర్చోవడానికి ఆధారం కావాలి కదా. వాసాల కొసలు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా ఉన్నదాని పక్కన అదే ఎత్తున కొత్త చెక్క జోడించి బిగించండి. పాత పలక ఎంత మందమో కొత్తదీ అంతే మందం ఉండాలి, నాది మూడు ఎనిమిదో వంతుల అంగుళం. లేకపోతే రబ్బరు కింద మెట్టు పడి అక్కడే నీళ్ళు నిలుస్తాయి. పలకకీ పలకకీ మధ్య ఎనిమిదో వంతు అంగుళం సందు వదలండి, చెక్క ఉబ్బడానికి.

మూసే ముందు మీటర్ 15 కిందకి రావాలి. నేను ఫ్యాను, డీహ్యూమిడిఫయర్ పెట్టి పది రోజులు ఆగాను. వర్షం వస్తుందేమోనని రోజూ టార్పాలిన్ కట్టి విప్పడం, ఆ పది రోజులు నిద్ర సరిగ్గా లేదు.

ఆ తర్వాత చీపురు, వాక్యూమ్. ఒక్క రాయి ముక్క మిగిలినా ఎవరో ఒకరు దాని మీద మోకాలు పెట్టినరోజు రబ్బరు చిల్లే. నీళ్ళతో పలచబడే రూఫ్ జిగురు రోలర్‌తో చెక్కకి పూసి, రబ్బరుని మధ్య నుంచి అంచులకి గాలి తోస్తూ పరచాలి. అంచున పట్టీ కింద కొత్త బ్యూటైల్ టేపు (మెత్తటి జిగట టేపు), కొత్త చెక్కలోకి కొత్త స్క్రూలు. స్క్రూ తలల మీద డైకార్ సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్. అది అట్ల పిండిలా తనే పరుచుకుంటుంది, కాబట్టి సమతలం మీదే. నిలువు గోడ మీదకి దిగేచోట జారనిరకం వేరే ఉంది, అది తీసుకోండి.

గోదారిగట్టు
అట్ల పిండి పోలికతో నాకిప్పుడు ఆ సీలెంట్ జన్మలో మరుపు రాదు శారద గారూ 😄

కొత్తక్యాంపర్
బూజు పట్టిన చెక్క మీద బ్లీచ్ కొడితే చచ్చిపోదా? మా ఇంట్లో బాత్రూమ్‌కి అదే వాడతాం.

మినెసోటా_మంచు
టైల్స్ మీదైతే పోతుంది. చెక్కలోకి బ్లీచ్ ఇంకదు, అందులో ఉన్న నీళ్ళే ఇంకుతాయి. పైన తెల్లబడుతుంది, లోపల బూజుకి మళ్ళీ తడి దొరుకుతుంది. పుచ్చింది కోసి తీసేశాక, మిగిలిన గట్టి చెక్కకి బోరేట్ పొడి నీళ్ళలో కలిపి కొట్టండి. అది చెక్కలోకి దిగి పుచ్చునీ చెదలనీ ఆపుతుంది. కాకపోతే ఎప్పుడూ తడిసేచోట కరిగి పోతుంది, కాబట్టి కారడం ఆగాకే దాని పని. పని చేసేటప్పుడు మాస్కు తప్పనిసరి, పిల్లల్ని ట్రైలర్ దగ్గరికి రానీయకండి.

నేను_నా_ట్రక్కు
నేలకి ఓఎస్‌బీ చాలదా? ఫ్యాక్టరీ వాడే వేసిందేగా. ప్లైవుడ్ ధర ఎక్కువ.

ఆటోనగర్_బాబాయ్
ఫ్యాక్టరీ వాడు వేసిందే కదా నాయనా ఇప్పుడు అటుకులైంది.

హ్యూస్టన్_హనుమ
ఓఎస్‌బీ పొడిగా ఉన్నన్నాళ్ళు బలంగానే ఉంటుంది. ఒకసారి అంచు తడిస్తే ఉబ్బుతుంది, ఆరినా ఆ ఉబ్బు పూర్తిగా దిగదు. నేల ప్యాచ్ అంటే రెండు మూడు షీట్లు, ఆ తేడా డబ్బుకి వెనకాడొద్దు. అయిదు ఎనిమిదో వంతుల అంగుళం ప్లైవుడ్ వేయండి.

మెకిన్నీ_బాటసారి
రెండో అప్‌డేట్. పక్కనుంచి బెజ్జం పెట్టగానే బకెట్టు సగం నీళ్ళు వచ్చాయి. గ్లాస్‌వూల్ నాలుగు చెత్త సంచులు. మెత్తబడింది రెండు ఇంటూ మూడు అనుకున్నాను, కోసింది నాలుగు ఇంటూ ఆరున్నర. నేల కింద దూలాల్లో రెండింటి కొసలు పోయాయి, పక్కన కొత్తవి జోడించాను. మా ఆవిడ వచ్చి ఆ గొయ్యి చూసి ఏమీ అనకుండా వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. పిల్లలకి మే ట్రిప్పు లేదని ఆ రాత్రే చెప్పాను. చిన్నది ఏడ్చింది. చెప్పేటప్పుడు నాకూ కష్టంగానే అనిపించింది.

శారద గారి పద్ధతిలో గోడ కమ్మీ అయిదడుగులు మార్చాను. రోజుకి ఒక ముక్క.

వరంగల్_టు_ఒహాయో
మంచి పని చేసినవ్ అన్నా. కాన్యన్ యాడికి పోదు. ఎట్లాగూ ఎండాకాలం ఆడ అడుగున నడిచేటట్టు ఉండదు, నూరు డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతది. అక్టోబర్‌ల పోండ్రి.

శారద_క్యారీ
చిన్నదానికి చెప్పండి, కొత్త నేల మీద తన పేరు రాసుకోవచ్చని, వినైల్ వేసే ముందు. మా పిల్లలు రాశారు. మళ్ళీ ఎవరైనా విప్పితే కనపడుతుంది.

మినెసోటా_మంచు
మూసే ముందు గాలి పరీక్ష చేయండి. కిటికీలు, తలుపు, మిగిలిన రంధ్రాలు మూసి, కప్పు ఫ్యాన్ రంధ్రంలోంచి ఒక బ్లోయర్‌తో లోపలికి గాలి తోయండి. బయట జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లితే కారేచోట బుడగలొస్తాయి. తర్వాత గార్డెన్ పైపుతో నీళ్ళు, కింద నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కోచోట పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ్నుంచి దిగిందో తేలదు.

మెకిన్నీ_బాటసారి
బుడగలు! ముందు జాయింట్ బాగానే ఉంది, కప్పు మీది ఏసీ దగ్గర వచ్చాయి. దాన్ని నేను అనుమానించనేలేదు.

వరంగల్_టు_ఒహాయో
ఏసీ కింద గ్యాస్కెట్ ఉంటది. లోపల కవర్ తీస్తే నాలుగు బోల్టులు కనపడతయ్, సమంగ బిగియ్, ఒక మూలనే గుంజొద్దు. గ్యాస్కెట్ నలిగి అర అంగుళం కాడికి రావాలె. అప్పటికే అంతకన్న నలిగి ఉంటే ఇగ బిగించినా లాభం లేదు, కొత్తది వెయ్యాలె. బయట ఏసీ చుట్టూ సీలెంట్ మాత్రం పూయకు, కింద నీళ్ళు పోయే దారి మూసుకుంటది.

మెకిన్నీ_బాటసారి
మూడో అప్‌డేట్. మొత్తం ఆరు వారాంతాలు పట్టింది. ప్లైవుడ్, జిగురు, బ్యూటైల్, సీలెంట్, గ్యాస్కెట్, కొత్త దీపాలు, మీటర్ అన్నీ కలిపి 870 డాలర్లు. కొత్త రబ్బరు కొనలేదు, పాతదే మడిచి మళ్ళీ వేశాను. ఒకచోట నా మోకాలి కింద చిన్న చిల్లు పడింది, దాని మీద మాత్రం ఎటర్నాబాండ్ వేశాను. ట్రక్కు గారి టేపు చివరికి పనికొచ్చింది.

నిన్న రాత్రి మెకిన్నీలో రెండు గంటలు ఉరుములతో కుండపోత. నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అయిదున్నరకి టార్చి పట్టుకుని వెళ్ళి పాత అంకెలున్న ప్రతి టేపు పక్కనా మళ్ళీ గుచ్చాను. 34 ఉన్నచోట 11. ఫ్యాన్ దగ్గర 10. మంచం కింద 12. ఆ టేపులు పీకబుద్ధి కాలేదు.

ఆటోనగర్_బాబాయ్
శభాష్. మూడు నెలలకోసారి పైకెక్కి చూసుకో. నిచ్చెన ఎవరన్నా పట్టుకునుంటేనే ఎక్కు.

నేను_నా_ట్రక్కు
నేనూ మీటర్ కొన్నాను. నా కప్పు మీద టేపు కింద 23. వచ్చే శనివారం విప్పుతున్నాను. శారద గారూ, ఆ మొద్దు గరిటె ఎంత వెడల్పుది?

శారద_క్యారీ
మూడంగుళాల ప్లాస్టిక్ పుట్టీ బ్లేడు. మూలలు శాండ్‌పేపర్‌తో గుండ్రంగా రుద్దుకోండి. మొదలుపెట్టాక ఫొటోలు పెట్టండి, చూస్తాను.

కొత్తక్యాంపర్
రేపు ఒక 2018 ట్రైలర్ చూడటానికి వెళ్తున్నాం. ఎక్కడెక్కడ నొక్కాలి?

హ్యూస్టన్_హనుమ
నాలుగు మూలలు, మంచం కింద, బంకుల కింద, టాయిలెట్ చుట్టూ, తలుపు గడప లోపల, స్లయిడ్ (బయటికి జరిపే గది భాగం) ఉంటే దాని నేల అంచు. మడమతో నొక్కుతూ నడవండి. అల్మరాల లోపల పై మూలల్లో టార్చి వేసి మరకలు చూడండి, అమ్మేవాళ్ళు అక్కడ రంగు వేయరు. కొత్త రంగు, గట్టి సెంటు వాసన ఉంటే రెండోసారి చూడండి.

మెకిన్నీ_బాటసారి
నా మీటర్ కావాలంటే ఇస్తాను, అలెన్ వైపు ఉంటే ఇవాళ సాయంత్రం వచ్చి తీసుకెళ్ళండి.

కొత్తక్యాంపర్
తీసుకెళ్ళాం, చాలా థ్యాంక్స్ అన్నా. చూశాం కూడా. పైకి అద్దంలా ఉంది. బంకుల కింద గుచ్చితే 27. వదిలేసి వచ్చేశాం. ఆదివారం ఇంకొకటి చూడాలి, మీటర్ సోమవారం తెచ్చిస్తే పర్లేదా?

మెకిన్నీ_బాటసారి
దొరికేదాకా ఉంచుకోండి.